కంద, గుమ్మడి, సీతాఫలం: బెంగళూరులో ఈ రెండు నెలలు ఎలా కొనాలి, ఎలా వండాలి?

మారతహళ్లి_అద్దెకొంప:

అందరికీ నమస్కారం. రాజమండ్రి నుంచి ఈమధ్యే బెంగళూరు వచ్చాం. దసరా నుంచి కార్తీకం వెళ్లేదాకా కంద, తీపి గుమ్మడి, చిలగడదుంప, సీతాఫలం, ఉసిరి వరసగా దిగుతాయి కదా, ఇక్కడ వాటిని ఏ పేరుతో అడగాలో, ఎక్కడ కొనాలో చెప్పండి. కంద బచ్చలి కూరలో ముక్క మెత్తగా ఉడకాలి, గొంతు మాత్రం పట్టకూడదు. దానికి ఏం చెయ్యాలి? దప్పళంలో గుమ్మడి ముక్క కరిగిపోకుండా ఉండాలంటే? సీతాఫలాలు కొన్ని పండకుండానే నల్లబడతాయి, కాయ చూసి ముందే పోల్చుకోవచ్చా? ఆయుధపూజకి బూడిద గుమ్మడికాయలు గుట్టలు పోస్తారట, వాటితో వడియాలు పెట్టుకోవచ్చా?

వంటింటి_వాకిలి:

ముందు పేర్లు. కందని సువర్ణగడ్డె అంటారు. చిలగడదుంప గెణసు, తీపి గుమ్మడి సిహి కుంబళకాయి, బూడిద గుమ్మడి బూదుగుంబళ. బచ్చలికి బసళె అనండి. పెద్ద ఉసిరి కావాలంటే బెట్టద నెల్లికాయి అని అడగాలి, ఉత్త నెల్లికాయి అంటే ఒక్కోసారి చిన్న పుల్ల ఉసిరి చూపిస్తారు.

ఇక కంద. దురదకి కారణం అందులో ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. సూదుల్లా ఉండి చర్మానికీ నాలుక్కీ గుచ్చుకుంటాయి. అప్పుడే తవ్విన కందకి దురద ఎక్కువ. తవ్వాక కొన్ని వారాలు ఆరిన కంద తక్కువ దురద పెడుతుంది. అందుకే మట్టి పొడిగా రాలిపోతూ, పైతోలు ముడతలు పడిన గడ్డ తీసుకోండి. కోసి అమ్మే ముక్కయితే కోసిన ముఖం పొడిగా ఉండాలి. వేలు పెడితే జిగురు తగిలినా, అంచు మెత్తబడినా వద్దు.

తరిగేటప్పుడు చేతులకి నూనె రాసుకోండి. కందా కత్తీ రెండూ పొడిగా ఉండాలి. ముందే కడిగి తడి చేతులతో తరిగితే దురద రెట్టింపు. చెక్కు మందంగా తీసి, ముక్కలు కోశాక అప్పుడు కడగండి.

అర కిలో కందకి బచ్చలి రెండు కట్టలు (తరిగితే నాలుగు గుప్పెళ్లు రావాలి), పెద్ద నిమ్మకాయంత చింతపండు, పచ్చిమిర్చి నాలుగు, చిన్న అల్లం ముక్క. కందని పసుపు, నీళ్లు వేసి కుక్కర్లో నాలుగు కూతలు రానివ్వండి. రాజమండ్రిలో మూడు చాలేమో గానీ ఇక్కడ ఒకటి ఎక్కువే కావాలి. బెంగళూరు 900 మీటర్లకి పైన ఉంది, నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూతలేని గిన్నెలో అయితే ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. గొంతు పట్టేది ఎక్కువగా సగం ఉడికిన ముక్కే. గరిటెతో నొక్కితే ముక్క విడిపోవాలి, మధ్యలో గట్టి పలుకు తగలకూడదు.

ఉడికిన కందని కాస్త మెదిపి, విడిగా మగ్గించిన బచ్చలి, అల్లం, పచ్చిమిర్చి కలిపి, అప్పుడు చింతపండు గుజ్జు, ఉప్పు వేసి పది నిమిషాలు దగ్గరపడనివ్వాలి. ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు. ఆవ మాత్రం పొయ్యి కట్టేసి, కూర గోరువెచ్చగా అయ్యాకే. చెంచాడు ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు, చన్నీళ్లతో నూరి కలపండి. మరుగుతున్న కూరలో వేస్తే ఘాటంతా ఆవిరితో పోయి చేదు మిగులుతుంది.

పెరటిసాగు:

పైన చెప్పినదాంట్లో చింతపండు సంగతి గట్టిగా పట్టుకోండి. దురద పోతుందని కందని మొదటినుంచీ చిక్కటి చింతపండు పులుసులోనే ఉడకబెట్టేవాళ్లు చాలామంది. పులుపు తగిలితే ముక్క గట్టిపడి, ఎంతసేపు ఉడికించినా పలుకు వదలదు. దురద మీద అనుమానం ఉంటే పచ్చి ముక్కల్ని పుల్ల మజ్జిగలోగానీ పల్చటి చింతపండు నీళ్లలోగానీ పావుగంట ఉంచి, ఆ నీళ్లు పారబోసి, మంచినీళ్లలో ఉడికించండి.

గుమ్మడి కరిగిపోకుండా ఉండడానికి ఇదే సూత్రం తిరగేసి వాడుకోవచ్చు. దప్పళంలో మునక్కాయ, చిలగడదుంప ముందు ఉత్త నీళ్లలో ముప్పాతిక ఉడకాలి. అప్పుడు చింతపండు పులుసు పోసి, అది మరిగాక గుమ్మడి వెయ్యండి. పులుసులో పడ్డ గుమ్మడి ఎనిమిది పది నిమిషాలకి ఉడుకుతుంది, ఆకారం చెడదు. అన్నీ ఒకేసారి వేస్తే మునక్కాయ ఉడికేసరికి గుమ్మడి గుజ్జయిపోతుంది. గుమ్మడిని తోలుతోనే, అంగుళంన్నర ముక్కలుగా కొయ్యండి. చివర్లో రెండు చెంచాల బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోస్తే పులుసు చిక్కబడుతుంది. బెల్లం గుమ్మడి తీపిని బట్టి.

కొనేటప్పుడు కాడ చూడండి. ఎండి, బెండులా అయిన కాడ ఉంటే కాయ ముదిరినట్టు. పచ్చి కాడ, గోరు దిగే తోలు ఉంటే లేత, నీరు కారుతుంది. ముక్కగా కొంటే ఇంటికి రాగానే గింజలూ పీచూ గీకెయ్యండి, కుళ్లు మొదలయ్యేది అక్కడే.

సీతాఫలానికి గుర్తు కళ్లు విచ్చుకోవడమే. కన్నుకీ కన్నుకీ మధ్య గాడి వెడల్పై, లేత పసుపు లేదా మీగడ రంగుకి తిరిగుంటే రెండు మూడు రోజుల్లో పండుతుంది. కళ్లు బిగిసి, గాడి కూడా ముదురాకుపచ్చగా ఉంటే కోత తొందరపడినట్టే. ఆ కాయ పండదు, రాయిలా గట్టిపడి నల్లబడుతుంది. బియ్యం డబ్బాలో పెట్టినా పండదు, ముదిరిన కాయకే ఆ వైద్యం. పండకముందు ఫ్రిజ్‌లో పెట్టినా అంతే, చలికి తోలు నల్లబడి లోపల పండడం ఆగిపోతుంది. మెత్తబడ్డాక ఒకటి రెండు రోజులు పెట్టుకోవచ్చు.

హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ల 'అర్క సహన్' అనే సంకర రకం ఇక్కడ దొరికితే వదలకండి. కాయ పెద్దది, గింజలు తక్కువ, నెమ్మదిగా పండుతుంది. తీపి బాగా ఎక్కువ. నాటు సీతాఫలానికున్న ఆ ఇసుక పలుకు, వాసన ఇందులో తక్కువని నా అభిప్రాయం.

బాసుందీ చేసేవాళ్లకి ఒక మాట: గుజ్జుని పొయ్యి మీద పెట్టొద్దు, వేడి తగిలితే చేదెక్కి రంగు మారుతుంది. లీటరు పాలు 600 మిల్లీలీటర్లకి మరిగించి, మూడు చెంచాల పంచదార వేసి, ఫ్రిజ్‌లో పూర్తిగా చల్లారాక మూడు పండ్ల గుజ్జు కలపండి. గింజలు తీయడానికి మిక్సీ వాడకండి, పెద్ద కన్నాల జల్లెడలో చేత్తో రాయండి. గింజ పగిలితే పనికిరాదు, ఆ పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది.

మారతహళ్లి_అద్దెకొంప:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. చింతపండు ఎప్పుడు వెయ్యాలన్నది ఇంత ముఖ్యమని తెలీదు. బూడిద గుమ్మడి సంగతి, మార్కెట్ సంగతి మిగిలాయి.

చిత్తూరోడు:

కొనేదానికి మూడు దారులుండాయి. కె.ఆర్. మార్కెట్‌కి తెల్లారేసరికి పోతే సరుకు తాజాగా ఉంటాది, ధరా తక్కువే, కానీ అయిదు కిలోలు మోసుకొచ్చే ఓపిక ఉండాల. మెట్రో పచ్చ లైన్ స్టేషన్ మార్కెట్ దగ్గరే. మీ వైపు నుంచి అంత దూరం ఎందుకనుకుంటే మడివాళ మార్కెట్. అదీ కాదంటే వీధి చివర హాప్‌కామ్స్ (తోట రైతుల సహకార సంఘం దుకాణం), బేరం ఉండదు, ధర బోర్డు మీద రాసుంటాది. కంద, ఉసిరి అక్కడ కొన్నా పర్వాలేదు. సీతాఫలం మాత్రం తోపుడు బండి మీద ఒక్కొక్కటీ తిప్పి చూసి ఏరుకోవాల్సిందే.

ఆయుధపూజకి గుట్టలు పోసే బూడిద గుమ్మడి దిష్టి తీసి పగలగొట్టేదానికి. అందులో లేతకాయలు ఎక్కువ, పైగా పండగ ముందురోజు ధర ఎగిరిపోతాది. వడియాలకి ముదురు కాయ కావాల: పైన సున్నం పూసినట్టు బూడిద, గోరు దిగని తోలు, బరువు, గట్టి కాడ.

అసలు చిక్కు కాయతో కాదు, ఎండతో. అక్టోబరు, నవంబరులో ఇక్కడ ఈశాన్య రుతుపవనాల మబ్బు. రెండో రోజు ఎండ రాకపోతే వడియం పులిసి, బూజు పట్టి, వేయిస్తే నల్లగా మాడతాది. పండగ అయినాక ముదురు కాయ చూసి కొని, కాడ విరక్కుండా నేలకి తగలకుండా ఉట్టిలోనో వల సంచిలోనో వేలాడదీయండి. దెబ్బ తగలని ముదురు కాయ రెండు మూడు నెలలు నిలవ ఉంటాది. సంక్రాంతి దాటినాక ఎండలు ముదిరితే పెట్టుకోండి. మూడు కిలోల కాయకి అర కిలో మినప్పప్పు సరిపోతాది. తరిగిన ముక్కలకి ఉప్పు పట్టించి, గుడ్డలో కట్టి రాత్రంతా బరువు కింద పెట్టాల. నీళ్లు పోకపోతే పిండి జారుతాది. ఆ నీళ్లు పారబోయకుండా పప్పు రుబ్బేటప్పుడు కొంచెం కొంచెం వాడుకోండి, అందులో ఉప్పుందని మాత్రం మరవకండి.

గెణసు కొంటే చిన్న నల్ల కన్నాలుండే గడ్డ తీసుకోవద్దు. ముక్కుపురుగు తొలిచిన గడ్డ అది, పురుగు ఉన్న మేర కోసేసినా మిగతాదంతా చేదే.

వంటింటి_వాకిలి:

చిత్తూరోడు గారి వడియాల మాటే ఖాయం చేసుకోండి. ఉసిరి మిగిలింది. కిలో కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద రెండు గంటలు ఆరబెట్టండి. కాడ గుంటలో చుక్క నీరున్నా తర్వాత బూజు అక్కడే పడుతుంది. ఒక్కో కాయకి నాలుగు చోట్ల ఫోర్కుతో గుచ్చి, 300 గ్రాముల నువ్వుల నూనెలో సన్న సెగ మీద, గీతల దగ్గర పగుళ్లిచ్చేదాకా వేయించాలి. గుచ్చకపోతే పేలి నూనె చిందుతుంది. నూనె పూర్తిగా చల్లారాక 200 గ్రాముల ఉప్పు, 150 గ్రాముల కారం, 75 గ్రాముల ఆవపిండి, చెంచాడు వేయించిన మెంతిపొడి, ఆరు నిమ్మకాయల రసం. మూడో రోజు కలిపి ఉప్పు చూడండి, నూనె పైకి తేలకపోతే ఇంకో 50 గ్రాములు కాచి చల్లార్చి పొయ్యండి.

చిత్తూరోడు:

కార్తీకం ఆఖరి సోమవారం బసవనగుడి దొడ్డ బసవణ్ణ గుడి దగ్గర కడలెకాయి పరిషె, అంటే వేరుశనగల జాతర. వేరుశనగలు అన్ని రకాలూ ఒకే చోట దొరుకుతాయి. ఉడకబెట్టేదానికి పచ్చికాయ అడిగి కొనండి, కాయ ఊపితే గింజ గలగలలాడకూడదు. కిలోకి రెండు పెద్ద చెంచాల ఉప్పు, మునిగేదానికి నీళ్లు, కుక్కర్లో నాలుగు కూతలు. ఆవిరి పోయినాక వెంటనే వంపెయ్యకుండా అరగంట ఆ నీళ్లలోనే ఉంచండి, ఉప్పు గింజకి పట్టేది అప్పుడే.