డెంగీ షాక్‌లో (ఒంట్లో రక్త ప్రసరణ చాలనప్పుడు) ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ సెలైన్): ఎంత, ఎంత వేగంగా, ఎప్పుడు ఆపాలి?

క్యాజువాలిటీ_పీజీ (హైదరాబాద్):
వానలు పడితే చాలు, మన క్యాజువాలిటీలన్నీ డెంగీతో నిండుతాయి. ఉదాహరణకు 50 కిలోల మనిషి: ఐదో రోజు, జ్వరం అప్పుడే దిగింది, చేతులు చల్లగా ఉన్నాయి, పల్స్ 120, బీపీ 100/84, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) 50. గల్లీ క్లినిక్‌లో అప్పటికే రెండు డీఎన్‌ఎస్ (గ్లూకోజ్ కలిపిన సెలైన్) బాటిళ్లు ఎక్కాయి. పై బీపీ 100 ఉందని నిదానించాలా? సెప్సిస్‌లో (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసినప్పుడు) వాడే కిలోకు 30 ఎంఎల్ లెక్క ఇక్కడ పెట్టొచ్చా?

ఐసీయూ_మలక్‌పేట:
ఆ 100 చూసి మోసపోవద్దు. పై బీపీకి, కింది బీపీకి తేడా 16. అది 20కి దిగిందంటే షాకే. బీపీ ఇంకా పడలేదు కాబట్టి మొదటి గంటలో కిలోకు 5–10 ఎంఎల్, అంటే 250–500 ఎంఎల్ ఆర్‌ఎల్. పై బీపీ 90 కంటే తగ్గితే లెక్క వేరు: కిలోకు 20 ఎంఎల్, అంటే లీటరు, 15 నిమిషాల్లో.

సెప్సిస్ లెక్క వద్దు. డెంగీలో రక్తనాళాల నుంచి నీరు కారుతున్నప్పుడు ఎక్కువైనదంతా ఛాతీలోకి, పొట్టలోకి చేరుతుంది. డీఎన్‌ఎస్ వేగంగా పోస్తే షుగర్ పెరిగి యూరిన్ ధారాళంగా వస్తుంది. అది చూసి పేషెంట్ కోలుకున్నాడనుకుంటారు.

సిస్టర్_నైట్‌షిఫ్ట్:
డాక్టర్ గారూ, ఎంఎల్‌కు 20 చుక్కలు పడే సెట్‌తో గంటకు 500 అంటే నిమిషానికి 167 చుక్కలు, ఎవరూ లెక్కపెట్టలేరు. పంప్ లేకపోతే బాటిల్‌కు ప్లాస్టర్ అంటించి, 15 నిమిషాలకు 125 చొప్పున గీతలు పెట్టండి. లీటరు 15 నిమిషాల్లో వెళ్లాలంటే నీలం క్యాన్యులా (నరంలో పెట్టే సన్న గొట్టం) చాలదు, 18 నంబర్ ఆకుపచ్చది కావాలి. బీపీ కఫ్ రెండో చేతికే. గాలి సూది గుచ్చిన బాటిల్‌ను మాత్రం పిండొద్దు, గాలి లోపలికి పోతుంది.

క్యాజువాలిటీ_పీజీ:
థాంక్స్ సిస్టర్. మరి తగ్గించేది ఎలా?

ఐసీయూ_మలక్‌పేట:
కుదుటపడితే కిలోకు గంటకు 5–7 ఎంఎల్ చొప్పున 1–2 గంటలు, తర్వాత 3–5, ఆపైన 2–3. యూరిన్ కిలోకు గంటకు 0.5 ఎంఎల్ వస్తే చాలు.

అసలు చిక్కు హెమటోక్రిట్ చదవడంలోనే. పెరుగుతూ పల్స్ బలహీనంగా ఉంటే మరో బోలస్ (వేగంగా ఒకేసారి ఎక్కించే మోతాదు). తగ్గుతున్నా షాక్ వదలకపోతే లోపల రక్తం పోతోంది, సెలైన్ కాదు, రక్తం ఎక్కించాలి. (ఇంటివాళ్లు ప్లేట్‌లెట్ల కోసమే పరిగెడతారు, అవి షాక్‌ను తీర్చవు.) తగ్గుతూ చేతులు వెచ్చబడి యూరిన్ బాగా వస్తుంటే, కారిన నీరు తిరిగి నాళాల్లోకి వస్తోందన్నమాట. మామూలుగా లీకేజీ 24–48 గంటలే. అప్పుడు బాటిల్ తీసేయండి, ఆయాసం ఎక్కువగా వచ్చేది ఆ దశలోనే.