రిసెప్షన్ టేబుళ్ల మీద పూలు మేమే పెట్టుకుంటున్నాం, వాడిపోకుండా ఎట్లా?

మాఘమాసంలో హన్మకొండలో మా చెల్లె రిసెప్షన్. డెకరేషన్ వాళ్లు ఒక్కో టేబుల్‌కు చెప్పిన రేటు విని నాన్న నోరెళ్లబెట్టారు. అందుకే ఇరవై టేబుళ్లకూ పూలు మేమే పెడదామనుకున్నాం.

ఇంట్లో పెంబర్తి ఇత్తడి గిన్నెలు కొన్ని ఉన్నాయి. వాటిలో నీళ్లు పోసి బంతి, చామంతి రెక్కలు వదిలితే చాలు. బతుకమ్మ పేర్చిన చేతులకు అదెంత పని! చిక్కంతా మిగతా టేబుళ్లతోనే. చెల్లెకేమో గాజు సీసాల్లో గులాబీలే కావాలి. కాడలు ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేసి ఒకసారి పెట్టి చూశాం. చామంతులు నిక్షేపంగా ఉన్నాయి, గులాబీలు మాత్రం తెల్లారేసరికి మెడలు వాల్చేశాయి.

గులాబీలు ముందు రాత్రే తెచ్చి బకెట్ నీళ్లలో ఉంచాలా, ఆ రోజు పొద్దున తేవాలా? ఫ్రిజ్‌లో పెడితే పక్కన పండ్లు ఉండొద్దంటారు, ఒక్క అరటిపండు ఉన్నా ప్రమాదమేనా? పొడుగు కాడల గులాబీలు వరంగల్‌లో హోల్‌సేల్‌గా ఎక్కడ దొరుకుతాయి? లేక హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోవాల్సిందేనా? ఎదుటివాళ్ల మొహం కనబడాలంటే సీసా ఎంత ఎత్తుండాలి?

హాల్లో ఏసీ లేదు, అది కూడా చూసుకుని చెప్పండి.