మధ్యాహ్నానికి పిహెచ్ 9 దాటుతోంది, సున్నం వెయ్యాలా వద్దా?

అంతర్వేది కుర్రాడు:
మాది ఎకరం వనామీ రొయ్యల చెరువండి, బోరు నీళ్లు. పొద్దున్న ఆరింటికి పిహెచ్ 7.8 ఉంటోంది, మధ్యాహ్నం మూడింటికి 9.1. ల్యాబ్‌లో ఆల్కలినిటీ 70 పిపిఎం అన్నారు. మందుల షాపాయన గుల్ల సున్నం వెయ్యమంటున్నాడు. పక్క చెరువు బాబాయేమో, వేస్తే ఇంకా పెరుగుతుందిరా అంటున్నాడు. అయినా 8కీ 9కీ ఒక్క పాయింటే కదా, ఇంత టెన్షన్ ఎందుకు?

ఉండి రైతు:
నీళ్లు చిక్కగా ఆకుపచ్చగా ఉన్నాయా? ఉంటే మేత తగ్గించి, కొంత నీరు మార్చండి. సున్నం సంగతి మాస్టారే చెప్పాలి.

కెమిస్ట్రీ మాస్టారు, రాజోలు:
బాబూ, ఆ ఒక్క పాయింటు పదింతలు. పిహెచ్ 8 నీళ్లలో ఉండే హైడ్రోజన్ అయాన్లలో పదో వంతే 9లో ఉంటాయి. 1909లో సోరెన్‌సెన్ ఈ కొలత పెట్టింది కోపెన్‌హాగన్‌లో ఒక బీరు కంపెనీ ల్యాబ్‌లో. రొయ్యల కోసం కాదనుకోండి!

ఎండలో ప్లాంక్టన్, అంటే నీళ్లను ఆకుపచ్చగా చేసే సన్నటి నాచు, నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ని లాగేస్తుంది. కార్బానిక్ ఆమ్లం ఏర్పడేది దాంతోనే కాబట్టి, అది తగ్గితే పిహెచ్ పైకి పోతుంది. రాత్రి చెరువులో ఉన్నవన్నీ ఆ గ్యాసునే వదులుతాయి, తెల్లారేసరికి పిహెచ్ దిగుతుంది. ఈ ఊపును కొంత ఆపేది బైకార్బనేట్ అయాన్. మీ ల్యాబ్ వాళ్లు ఆల్కలినిటీ అని కొలిచింది చాలావరకు దాన్నే. 70 తక్కువ, వనామీకి 100 పైన ఉంటే మంచిది.

అసలు భయం అమ్మోనియాతో. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అయాన్‌కి ఛార్జి ఉంటుంది, మొప్పల్లోంచి అంత తేలిగ్గా దూరదు. ఛార్జి లేని అమ్మోనియా దూరుతుంది, విషం అదే. 25 డిగ్రీల దగ్గర పిహెచ్ 8లో ఈ విషం వాటా సుమారు 5 శాతం, 9లో మూడో వంతు దాటుతుంది. మన ఎండలకు ఇంకా ఎక్కువ. ల్యాబ్ కాగితం మీద మొత్తం అమ్మోనియా అంకె మారకుండానే మధ్యాహ్నం రొయ్య ఇబ్బంది పడేది అందుకే.

మీ బాబాయి చెప్పిందే నిజం. గుల్ల సున్నం నీళ్లలో పడగానే హైడ్రాక్సైడ్ అయాన్లు వదులుతుంది. అవి ఉన్న బైకార్బనేట్‌ని కార్బనేట్ చేస్తాయి, అది కాల్షియంతో కలిసి తెల్లగా అడుగుకు పోతుంది. డబ్బు పెట్టి ఉన్న ఆల్కలినిటీ పోగొట్టుకోవడమే. రాతి సున్నపు పొడి, డోలమైట్ కూడా ఈ పిహెచ్‌లో సరిగ్గా కరగవు. మీకు కావలసింది వంట సోడా, అంటే సోడియం బైకార్బనేట్. ఎకరానికి 1.2 మీటర్ల నీళ్లుంటే 10 పిపిఎం పెంచడానికి దాదాపు 80 కిలోలు పడుతుంది. 30 పెంచాలంటే 240. ఒకేసారి కాదు, విడతలుగా, నీళ్లలో కలిపి చల్లండి. ప్లాంక్టన్ తగ్గించే పని మాత్రం పైన ఉండి ఊరి రైతు చెప్పినట్టే.

అంతర్వేది కుర్రాడు:
సున్నం బస్తాలు వాపసు ఇచ్చేస్తానండి. మా అమ్మ ఒకటి అడగమంది: పారాణికి పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది కదా, పసుపు కాగితంతో పిహెచ్ చూడొచ్చా?

కెమిస్ట్రీ మాస్టారు, రాజోలు:
అమ్మగారి ఆలోచన మంచిదే. 7.4 దాకా పసుపుగానే ఉంటుంది, 8.6 దాటితే ఎర్రబడుతుంది. కానీ 8.7కీ 9.4కీ ఒకటే ఎరుపు. మీటరే వాడండి.