రిటర్ను మనమే వేసుకోవాలా, ఆడిటరు గారికే ఇవ్వాలా?

ఒంగోలు మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. తొమ్మిదేళ్లుగా మా స్కూలు వాళ్లందరి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు ట్రెజరీ ఆఫీసు దగ్గర ఉండే ఒకాయనే వేస్తున్నారు. మనిషికి 500 రూపాయలు. ఏడాది జీతం, అందులో కోసిన పన్ను చూపే ఫారం 16 ఇచ్చి, ఆధార్ ఓటీపీ చెబితే మా పని అయిపోతుంది.

ఈ ఏడాది (2025) స్టాఫ్ రూంలో దీని మీద గట్టి వాదనే జరిగింది. "ఫిబ్రవరి జీతం బిల్లుతో పెట్టే ఐటీ స్టేట్‌మెంటు మనమే ఎక్సెల్‌లో చేసుకుంటున్నాం కదా, ఆ లెక్క వచ్చినవాళ్లకి రిటర్ను వేయడం రాదా?" అని కొత్తగా వచ్చిన సైన్సు టీచరమ్మ అడిగారు. ఒక్క అంకె తప్పు పడినా నోటీసు వస్తుంది, 500 దగ్గర చూసుకుంటే ఎలా అని సీనియర్లు అన్నారు. ఇద్దరి మాటా నిజమేననిపించింది.

నా సంగతి ఇదీ: జీతం, డిపాజిట్ల మీద వడ్డీ, ఇంటి లోను, పాత పన్ను విధానం (పొదుపు, లోను మినహాయింపులు ఉండేది). ఈసారి కొత్తగా మ్యూచువల్ ఫండు యూనిట్లు అమ్మాను, 60 వేల దాకా లాభం వచ్చింది. ఈసారి గడువు జూలై 31 నుంచి సెప్టెంబరు 15కి పెంచారు కాబట్టి ఆలోచించుకోవడానికి టైముంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మియాపూర్ సాఫ్ట్‌వేర్:

మాస్టారూ, మీరే వేసుకోండి. 2021లో కొత్త పోర్టల్ వచ్చిన మొదట్లో చాలా ఇబ్బంది పడ్డాం, నిజమే. ఇప్పుడు అలా లేదు. లాగిన్ అవగానే జీతం, టీడీఎస్ (ముందే కోసి కట్టిన పన్ను), వడ్డీ అన్నీ నింపే ఉంటాయి. మీరు చేయాల్సింది వాటిని సరిచూసుకోవడం. ఫారం 16, 26ఏఎస్, ఏఐఎస్ మూడూ పక్కపక్కన పెట్టుకోండి. 26ఏఎస్ అంటే మీ పాన్ మీద జమైన పన్నుల పట్టీ. ఏఐఎస్ అంటే మీ పాన్ మీద బ్యాంకులు, ఫండు సంస్థలు, రిజిస్ట్రేషన్ ఆఫీసులు పన్ను శాఖకి పంపిన సమాచారం. నాకు ఒక ఏడాది అమ్మతో కలిసి వేసిన జాయింట్ డిపాజిట్ వడ్డీ మొత్తం నా పేరునే పడింది. అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇచ్చాను, సరిచేశారు. ఆ డిపాజిట్ అమ్మదని ఏ ఆడిటరుకి తెలుస్తుంది?

మీ ఫండు ఈక్విటీది (షేర్లలో పెట్టేది) అయితే, కొన్న ఏడాది దాటాక అమ్మి ఉంటే, 1.25 లక్షల వరకు లాభం మీద పన్ను లేదు. నిరుటి దాకా ఇలాంటి లాభం ఉంటే ఐటీఆర్-2 అనే పెద్ద ఫారం వేయాల్సి వచ్చేది. ఈసారి నుంచి ఆ పరిమితి లోపలైతే జీతగాళ్ల చిన్న ఫారం ఐటీఆర్-1లోనే చూపించుకోవచ్చు. వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయండి (ఆధార్ ఓటీపీ లాంటిదానితో ధ్రువీకరించడం), అది మర్చిపోతే వేసినట్టే కాదు. మొత్తం కలిపి 40 నిమిషాల పని.

నాకు నచ్చనిది ఒక్కటే. మన జీతం, మన అప్పు, మన పొదుపు గురించి మనకన్నా ట్రెజరీ దగ్గర ఉండే మనిషికి ఎక్కువ తెలియడం.

బెజవాడ ఆడిటర్:

చార్టర్డ్ అకౌంటెంటుగా 16 ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. పై సోదరుడు చెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ 40 నిమిషాల్లో అయ్యేది నింపడం. ఏ ఫారం వేయాలి, ఏ ఆదాయం ఏ హెడ్ (పద్దు) కింద చూపాలి, ఏ విధానం లాభం అనేది తేల్చుకోవడం వేరే పని. అది తేల్చుకోకుండా నింపినవాళ్లు నా దగ్గరికి వచ్చేసరికి ఆలస్యం అయిపోతోంది.

ఒక కుర్రాడికి షేర్ మార్కెట్టు ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో 3 లక్షల నష్టం వచ్చింది. నష్టానికి పన్నేముందిలే అనుకుని జీతం ఒక్కటీ చూపించి ఐటీఆర్-1 వేసేశాడు. అది వ్యాపార నష్టం, ఐటీఆర్-3లో చూపించాలి. సకాలంలో చూపించి ఉంటే 8 ఏళ్ల దాకా ముందుకి తీసుకెళ్లి తర్వాతి లాభాల్లో తగ్గించుకోవచ్చు. అతను వచ్చింది జనవరిలో. రిటర్ను సవరించుకునే గడువు డిసెంబరు 31తోనే పోయింది. ఆ 3 లక్షల మాట ఇక మర్చిపోవాల్సిందే.

భర్త పోయిన ఒకావిడ ఫ్యామిలీ పెన్షన్ని జీతం కింద వేసి జీతం మీద నేరుగా తగ్గించే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకున్నారు. సొంత పెన్షన్ జీతం కిందికే వస్తుంది కానీ ఫ్యామిలీ పెన్షన్ ఇతర ఆదాయాల కిందికి వస్తుంది. దాంట్లో మూడో వంతు గానీ, పాత విధానంలో 15 వేలు, కొత్త విధానంలో 25 వేలు గానీ, ఏది తక్కువైతే అదే తగ్గుతుంది. ఆవిడ కొడుకు ఇంజినీరు, అతనే వేశాడు.

మా వైపు రాజధాని భూసమీకరణలో పొలం ఇచ్చిన రైతులున్నారు. 2014 జూన్ 2 నాటికి ఆ భూమి తమ పేరున ఉన్నవాళ్లకి మూలధన లాభాల పన్ను మినహాయింపు ఉంది. తిరిగిచ్చిన ప్లాటు అమ్మినప్పుడు మాత్రం, స్వాధీనం చేసిన ఆర్థిక సంవత్సరం ముగిసిన రెండేళ్ల లోపా, తర్వాతా అన్నదాని మీద మొత్తం లెక్క మారిపోతుంది. దీన్ని ఏ పోర్టల్ ముందే నింపి పెట్టదు.

మాస్టారు గారూ, మీరు అమ్మింది డెట్ ఫండు (బాండ్లలో పెట్టేది) అయినా, ఏడాది లోపే అమ్మినా ఐటీఆర్-1 పనికిరాదు. ముందు అది చూసుకోండి. ఇంకొకటి, మీది పాత విధానం. సెప్టెంబరు 15 దాటితే ఆ ఎంపిక పోతుంది, ఇంటి లోను వడ్డీ, 80సీ (పొదుపుల మినహాయింపు) అన్నీ వదులుకోవాలి. ఆలస్య రుసుము 5 వేలు దానికి అదనం.

స్టాఫ్ నర్సు, వైజాగ్:

నేను ఎవరి పక్షమూ కాదు, నాకు జరిగింది చెబుతాను. మా డ్యూటీలో ఒకావిడ చెబితే ఒక మనిషికి ఇచ్చాను. ఫీజు లేదు, వచ్చిన రిఫండులో పది శాతం. రెండేళ్లు బాగా డబ్బు వచ్చింది. లోన్లు ఉన్నాయి కదా, అందుకే వచ్చిందనుకున్నాను. తర్వాత ఒకరోజు నా ఫోనుకి, మీరు చూపిన మినహాయింపులు సరిచూసుకోండి అని పన్ను శాఖ నుంచి మెసేజ్ వచ్చింది. తమ్ముడితో పోర్టల్ తెరిపిస్తే నేను ఏదో రాజకీయ పార్టీకి విరాళం ఇచ్చినట్టు, నా మీద ఆధారపడిన వికలాంగులు ఉన్నట్టు చూపించి ఉంది. మా ఇంట్లో అలాంటివాళ్లు ఎవరూ లేరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈమెయిల్ కూడా నాది కాదు.

ఆ మనిషి ఫోను ఎత్తలేదు. గడువు దాటాక తప్పు దిద్దుకోవడానికి వేసే అప్‌డేటెడ్ రిటర్ను వేసి, తీసుకున్న రిఫండు, వడ్డీ, అదనపు పన్ను కట్టాను. రెండు నెలల జీతం పైనే పోయింది. మొన్న 2025 జూలై 14న దేశమంతటా 150 చోట్ల ఇలాంటి బోగస్ క్లెయిముల మీద సోదాలు చేశారు కదా. ఇలాంటివాళ్లు రిటర్నుల కోసమే తాత్కాలిక ఈమెయిళ్లు తెరిచి వదిలేస్తారని, అందుకే నోటీసులు ఎవరూ చూడరని పన్ను శాఖ ప్రకటనలో చదివితే అచ్చం నా కథే అనిపించింది. ఇప్పుడు ఎవరికి ఇవ్వాలన్నా భయం, నేనే వేయాలన్నా భయం.

బెజవాడ ఆడిటర్:

అమ్మా, మీకు జరిగింది చదివి చాలా బాధపడ్డాను. కానీ ఒక మాట చెప్పాలి. ఆయన ఆడిటరు కాదు. రిఫండులో వాటా అడిగేవాణ్ణి ఆ మాటతోనే వదిలేయాలి. చార్టర్డ్ అకౌంటెంటుకి ఇన్‌స్టిట్యూట్ మెంబర్‌షిప్ నంబరు ఉంటుంది, తప్పు చేస్తే ఫిర్యాదు చేసే చోటు ఉంటుంది. మన ఊళ్లలో కంప్యూటరు ఉన్న ప్రతివాణ్ణీ ఆడిటరు గారు అనేస్తున్నాం.

మియాపూర్ సాఫ్ట్‌వేర్:

సార్, ఫిర్యాదు చేస్తే మీ ఇన్‌స్టిట్యూట్ చర్య తీసుకోవచ్చు. కట్టాల్సింది మాత్రం ఈ అక్కే కదా. రిటర్ను చివర "ఇందులో ఉన్నదంతా నిజం" అని ప్రకటించేది పన్ను కట్టే మనిషే. తప్పుడు వివరాలిచ్చారని తేలితే ఎగ్గొట్టిన పన్నుకి 200 శాతం దాకా జరిమానా, అదీ ఆ మనిషి మీదే. బాధ్యత ఎటూ మనదే అయినప్పుడు చూడకుండా ఎలా ఇస్తాం?

మీరు చెప్పిన ప్రమాదం నాకూ తెలుసు, అది కూడా రాయడం న్యాయం. నాకు అమెరికా కంపెనీ షేర్లు ఇచ్చారు. మొదటి ఏడాది వాటిని విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపించలేదు. అమ్మితేనే చూపించాలనుకున్నాను. అమ్మకపోయినా చూపించాలి, అదీ ఏప్రిల్ నుంచి మార్చి కాదు, జనవరి నుంచి డిసెంబరు లెక్కన. చూపించకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. 2024 అక్టోబరు నుంచి మొత్తం విలువ 20 లక్షలు దాటని స్థిరేతర ఆస్తులకి ఆ జరిమానా తీసేశారు గానీ, చూపించాల్సిన పని పోలేదు. సహోద్యోగి చెబితే తెలిసి ఒక ఆడిటరు గారి దగ్గరికి వెళ్లాను. నా రిటర్ను నా ల్యాప్‌టాప్‌లోనే, ఆయన పక్కన కూర్చుని వేశాను. 3 వేలు తీసుకున్నారు. తర్వాతి ఏడాది నుంచి నేనే వేస్తున్నాను. ఆ 3 వేలు ఇచ్చినందుకు నాకు ఏ రోజూ బాధ లేదు.

డల్లాస్ నుంచి:

ఆస్తి అమ్ముతున్న ఎన్నారైలు మాత్రం ఈ ప్రయోగం చేయొద్దు. 2024 చివర్లో గుంటూరులో నాన్న ఇచ్చిన స్థలం అమ్మాను. కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ కోసి ఇస్తామన్నారు. అది అమ్మేవాళ్లు ఇండియా నివాసులైతేనే. మాకు కోత చాలా ఎక్కువ, అదీ ముందుగా పన్ను శాఖ సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే లాభం మీద కాకుండా మొత్తం ధర మీద కోసేస్తారు. మా ఆడిటరు గారు తక్కువ కోతకి సర్టిఫికెట్ తెప్పించారు. పాత ఆస్తికి ధరల పెరుగుదల మేరకు కొన్న ధర పెంచి లెక్కించే ఇండెక్సేషన్‌తో 20 శాతమా, లేకుండా 12.5 శాతమా అని ఎంచుకునే వీలు కూడా అక్కడి నివాసులకే, మాకు లేదు. డబ్బు ఇక్కడికి తెచ్చుకోవడానికి బ్యాంకు అడిగిన 15సీబీ (పన్ను సంగతి ధ్రువీకరించే కాయితం) మీద చార్టర్డ్ అకౌంటెంటు సంతకమే ఉండాలి. జీతం రిటర్ను వేరు, ఇది వేరు.

ఒంగోలు మాస్టారు:

నర్సమ్మ గారి పోస్టు చదివాక రాత్రి నేనే లాగిన్ అవుదామని కూర్చున్నాను. పాస్‌వర్డు తెలియదు, ఆధార్ ఓటీపీతో మార్చుకున్నాను. ఈమెయిల్, ఫోను నంబరు రెండూ మా రిటర్నులు వేసే ఆయనవే. ఆయన మోసం చేయలేదు, నా రిటర్నుల్లో ఒక్క దొంగ క్లెయిము కూడా లేదు, అన్నీ నేనిచ్చినవే. కానీ పెండింగ్ యాక్షన్స్‌లో 2022-23 మదింపు సంవత్సరానికి (2021-22 ఆదాయం మీద) 18 వేల చిల్లర బాకీ చూపిస్తోంది. తర్వాతి ఏడాది నాకు రావాల్సిన రిఫండు కొంత దాంట్లో సర్దేసుకున్నారు. ఆ రిఫండు ఎందుకు రాలేదని అప్పట్లో అడిగితే వస్తుందిలెండి అన్నారు, నేనూ ఊరుకున్నాను.

26ఏఎస్ చూస్తే 2022 జనవరి నుంచి మార్చి దాకా టీడీఎస్ అసలు లేదు. జీతంలో కోశారు, పే స్లిప్పులు నా దగ్గర ఉన్నాయి. మా స్కూల్లో ఇంకో ఇద్దరు చూసుకున్నారు, వాళ్లకీ ఇదే. ఇప్పుడు నేనేం చేయాలి?

బెజవాడ ఆడిటర్:

మాస్టారు గారూ, ఇది మీ తప్పు కాదు. డీడీవో (జీతాల బిల్లు చేసే అధికారి) మూడు నెలలకోసారి వేయాల్సిన, కోసిన పన్ను వివరాల 24క్యూ స్టేట్‌మెంటు ఆ త్రైమాసికానికి వేయకపోయి ఉండొచ్చు, లేదా మీ పాన్ తప్పు పడి ఉండొచ్చు. ప్రభుత్వ ఉద్యోగుల్లో ఇది తరచూ చూస్తాను. మీకు డీడీవో మీ హెచ్‌ఎం గారే కదా. ఆ 24క్యూ వేయమని గానీ, వేసి ఉంటే కరెక్షన్ వేయమని గానీ రాతపూర్వకంగా అడగండి, ముగ్గురూ కలిసి అడగండి. 26ఏఎస్‌లో అంకె పడ్డాక పోర్టల్‌లో ఆ ఏడాదికి రెక్టిఫికేషన్ (సవరణ విన్నపం) పెట్టండి. ఈలోపు ఆ బాకీని ఒప్పుకుంటున్నట్టు నొక్కొద్దు, ఒప్పుకోనని నొక్కి కారణం రాయండి. జీతంలో కోసేసిన పన్నుని మళ్లీ ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదని 1961 ఆదాయపు పన్ను చట్టం 205వ సెక్షన్లోనే ఉంది. ముందు ఈమెయిల్, ఫోను మీవి పెట్టండి. దీనికి నాకు ఫీజు అక్కర్లేదు.

స్టాఫ్ నర్సు, వైజాగ్:

మాస్టారూ, ఈసారి రిటర్ను మీరే వేస్తున్నారా మరి? మీరు వేస్తే నేనూ ధైర్యం చేస్తాను.

ఒంగోలు మాస్టారు:

వేస్తున్నానమ్మా. ఫండు కాయితం చూశాను, ఈక్విటీదే, మూడేళ్ల కింద కొన్నది. ఐటీఆర్-1 సరిపోతుంది. అంతా నింపి, సబ్‌మిట్ చేయకుండా డ్రాఫ్టు ఉంచాను. ఆదివారం ఇక్కడ మాకు తెలిసిన చార్టర్డ్ అకౌంటెంటు గారికి ఒకసారి చూపిస్తాను, ఆయన ఫీజు ఆయనకి ఇస్తాను. 24క్యూ కోసం అర్జీ రాశాను, ముగ్గురం సంతకాలు పెట్టాం. సోమవారం ప్రేయర్ అయ్యాక హెచ్‌ఎం గారికి ఇస్తున్నాం.