అప్‌డేట్: మా ఆయన పెదవి మీద పొక్కులు, నాకు కింద పుండ్లు

మొన్న అడిగింది నేనేనండీ. జ్వరం వచ్చినప్పుడల్లా మా ఆయనకు పెదవి అంచున నీటి పొక్కులు వస్తాయి. నాకేమో జననాంగం దగ్గర మంటతో పుండ్లు వచ్చాయి. ఆయనకు బయట ఎవరితోనైనా సంబంధం ఉందేమోనని నా టెన్షన్.

చర్మవ్యాధుల డాక్టరమ్మ పుండు నుంచి స్వాబ్ తీసి పీసీఆర్ చేయించారు. హెచ్‌ఎస్‌వీ-1, అంటే హెర్పిస్ వైరస్ మొదటి రకం అని వచ్చింది. పెదవి మీద పొక్కులు తెప్పించే హెర్పిస్ ఎక్కువగా ఈ రకమే. ముద్దుతో నోటికి, ఓరల్ సెక్స్‌తో కిందికీ అంటుకుంటుందట. చాలామందికి చిన్నప్పుడే ఇంట్లోవాళ్ల ముద్దులతో వచ్చేసి, నరాల్లో దాక్కుని ఉంటుంది. డబ్ల్యూహెచ్‌ఓ అంచనా ప్రకారం ప్రపంచంలో 50 ఏళ్లలోపు వాళ్లలో దాదాపు 64 శాతం మందికి ఉంది! అందుకే ఈ రిపోర్టు పట్టుకుని ఎవరినీ నిలదీయలేమన్నారు డాక్టరమ్మ. మొన్న నా పోస్టు కింద విడాకులు ఇచ్చేయమన్న వాళ్లు కాస్త గమనించండి.

ఎసైక్లోవిర్ మాత్రలు రాశారు, మంట తగ్గింది. వైరస్ ఒంట్లోంచి పూర్తిగా పోదు. కాకపోతే కింద వచ్చే హెచ్‌ఎస్‌వీ-1, రెండో రకం (హెచ్‌ఎస్‌వీ-2) అంత తరచుగా తిరగబెట్టదట.

పెదవి చురుక్కుమనడం మొదలైనప్పటి నుంచి చెక్కు రాలి చర్మం మామూలయ్యేదాకా ముద్దులూ, ఓరల్ సెక్సూ బంద్. పొక్కులు లేనప్పుడూ ఒక్కోసారి అంటుకోవచ్చు. కండోమ్ ఆ ముప్పు తగ్గిస్తుందే గానీ పూర్తిగా ఆపదు.

మా ఆడపడుచుకు వచ్చే నెల డెలివరీ. పొక్కు ఉన్నప్పుడు మా ఆయన ఆ పసిబిడ్డను ముద్దు పెట్టుకోకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పారు, అప్పుడే పుట్టిన పిల్లలకు ఇది ప్రాణం మీదకు తెస్తుందట.