సద్దుల బతుకమ్మ కాఫీ స్టాల్: ఎవరికి ఏ కప్పు?

కాఫీ స్టాల్ అక్క (హన్మకొండ నుంచి)
అందరికీ నమస్తే. అమ్మ కంటి ఆపరేషన్‌కు వచ్చిన, ఇంకా హన్మకొండలనే ఉన్న. మెల్‌బోర్న్‌కు వచ్చే శుక్రవారం చేరుకుంట. అప్పటిదాక ఆగకుండ స్టాల్ సంగతి ఇక్కడనే తేల్చుకుందాం. పోయినేడు జరిగింది నా మనసుల్నుంచి ఇంకా పోతలేదు.

పరకాల నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన లైన్ల పావుగంట నిలవడ్డడు. "కాఫీ ఇయ్యి బిడ్డా" అన్నడు. మనోళ్లు లాంగ్ బ్లాక్, అంటే పాలు లేని కాఫీ, చేతిల పెట్టిన్రు. ఒక్క గుక్క తాగి, కప్పు మెల్లగ కుర్చీ కింద పెట్టిండు, మళ్ల ఎవర్నీ ఏమడగలే. హాలు ఊడ్చేటప్పుడు ఆ నిండు కప్పు నాకే దొరికింది. పాలు కావాల్నా అని ఒక్క మాట అడిగితే అయిపోయేది.

అందుకే ఈసారి కౌంటర్ల నిలబడేటోళ్లందరు ఇది తెలుసుకోవాలె. బోర్డు మీద ఎన్ని పేర్లున్నా అడుగున ఉండేది ఎస్ప్రెసోనే. ఇరవై గ్రాముల పొడి నొక్కి, 9 బార్ల ఒత్తిడితోటి వేడినీళ్లు పంపితే 25, 30 సెకన్లల చిక్కటి కాఫీ దిగుతది. మన స్టీలు ఫిల్టర్ల నీళ్లు వాటంతట అవే బొట్టుబొట్టు దిగుతయి, ఇక్కడ మిషన్ నెడుతది. దిగిన దాన్ని రెండు కప్పులకు పంచుతం.

కాపుచినో, లాటే, ఫ్లాట్ వైట్ మూడింటికీ మన దగ్గర కప్పు ఒకటే, 240 మి.లీ.ది. కాఫీ కూడా అంతే. తేడా నురగల ఉన్నది. కాపుచినోకు బొటనవేలు మందం నురగ, పైన చాక్లెట్ పొడి (ఆస్ట్రేలియల పొడి లేకుంటే వెనక్కి ఇస్తరు). లాటేకు అందుల సగం. ఫ్లాట్ వైట్‌కు పల్చటి పొర, అంతే. "లాటే తేలిక, బీపీ ఉన్నోళ్లకు మంచిది" అని దయచేసి ఎవరికీ చెప్పకున్రి. రుచి తేలిక కావచ్చు, కెఫీన్ మాత్రం ఒకటే.

నురగ గురించి ఇంకో మాట. నిన్న చౌరస్తాల చాయ్ హోటల్ కాడ నిలబడి చూసిన. మాస్టర్ చెయ్యంత ఎత్తు నుంచి చాయ్ తిరగపోస్తుంటే గ్లాసు నిండ పెద్ద పెద్ద బుడగలు లేస్తున్నయి, నేను పైసలిచ్చి తిరిగేలోపు సగం పగిలిపోయినయి. మనకు కావాల్సింది ఆ నురగ కాదు. ఆవిరి గొట్టం మొన పాల మీది అంచుకు తగిలిస్తే మొదట్ల "స్స్ స్స్" మని సన్న సప్పుడు వస్తది, గాలి ఎక్కేది అప్పుడే. ఫ్లాట్ వైట్‌కు రెండు మూడు సెకన్లు, కాపుచినోకు ఇంకొంచెం. ఇగ మొన లోపలికి ముంచి పాలు సుడి తిరిగేటట్టు పట్టాలె. బుడగ ఒక్కటి కంటికి ఆనకుండ, కరిగిన వెన్న లెక్క మెరిస్తే అయినట్టు.

కోశాధికారి అన్న
మంచిగ రాసినవ్ చెల్లె. 200 కప్పులు అనుకుంటున్నం. పాలు, గింజలు ఎన్ని తేవాలె? మిషన్ కిరాయికి ఇచ్చేటాయన కరెంటు గురించి అడిగిండు.

కాఫీ స్టాల్ అక్క
అన్నా, కప్పుకు 180 మి.లీ. పాలు లెక్కేస్తే 36 లీటర్లు, ఒలికేది కలిపి 40 తెద్దాం. ఓట్ పాలు వేరే నాలుగు లీటర్లు, వాటికి జగ్గు కూడ వేరే. గింజలు 2 కిలోలు, పొద్దుగాల మిషన్ సరిచూసుకోనికి ఇంకో అర కిలో. కరెంటు సంగతి జర గట్టిగ చూడున్రి. హాల్ల మామూలు ప్లగ్గులు 10 ఆంపులవి, రెండు గ్రూపుల మిషన్లకు, అంటే ఒకేసారి రెండు చోట్ల కాఫీ దిగేటియి, 15 కానీ 20 కానీ కావాలె. వంటింట్ల పెద్ద ప్లగ్గు ఉన్నదా, ఫొటో తీసి పెట్టున్రి.

కొత్త వాలంటీర్ చెల్లె
అక్కా, మాకియాటో, పికోలో, మోకా కూడ బోర్డు మీద పెడదామా? లాంగ్ బ్లాక్‌కూ అమెరికానోకూ తేడా ఏంది?

కాఫీ స్టాల్ అక్క
మోకా పెడదాం, జర పెద్దయిన పిల్లలు అదే అడుగుతరు. ఎస్ప్రెసోల చాక్లెట్ కలిపి పాలు పోసుడే. పేరు మాత్రం యెమెన్ల ఒకప్పుడు కాఫీ ఎగుమతి చేసిన రేవుది. మాకియాటో అంటే ఎస్ప్రెసో మీద పాల నురగ ఒక్క చెంచా, ఇటలీ మాటల "మరక పడ్డది" అని. పికోలో అంటే చిన్న గ్లాసుల లాటే. ఈ రెండు వద్దు, అడిగినోళ్లకు చేసిద్దాం.

అమెరికానోకు ఎస్ప్రెసో మీద నీళ్లు పోస్తరు. లాంగ్ బ్లాక్‌కు ముందు వేడినీళ్లు, వాటి మీద ఎస్ప్రెసో. అట్ల పోస్తే పైనున్న గోధుమరంగు పొర, క్రీమా అంటరు, అది చెదరదు. ఆ పొర ఒత్తిడి లేకుంటే రాదు. మిలాన్ల గాజియా అనే ఆయన 1938ల తన పద్ధతికి పేటెంట్ తీసుకున్నడు, ఆ దారిలనే క్రీమా కాఫీకి పేరొచ్చింది.

పోయినేడు కౌంటర్ల ఉన్న తమ్ముడు
అక్కా, ఆ తాతకు ఇచ్చింది నేనే. నాకు తెల్వదు ఆయన తాగలేదని. ఈసారి కూడ కౌంటర్ల నేనే ఉంట. పెద్దోళ్లను ఏమని అడగాలె?

కాఫీ స్టాల్ అక్క
మంచిది తమ్మీ, నువ్వే ఉండు. పేర్లు అడగకు. నిన్న రాత్రి అమ్మకు ఇదంత చెప్తే, "నురగ ఎక్కువనా, పాలెక్కువనా అని అడుగున్రి బిడ్డా, చాలు" అన్నది. అట్లనే అడుగుదాం: పాలు కావాల్నా, నురగ ఎక్కువ కావాల్నా, చక్కెర ఎన్ని చెంచాలు?

ఇంకోటి, వేడి. పాలు 60, 65 డిగ్రీల కాడ తియ్యగ ఉంటయి, 70 దాటితే కాగిన వాసన వస్తది. అయినా మనోళ్లు "సల్లగున్నది" అంటరు, పొగలు రావాలె వాళ్లకు. వాళ్ల జగ్గు వేరే పెట్టి 70 దాక పోనియ్యి, వాదం పెట్టుకోకు. తాగేది వాళ్లు.

డికాక్షన్ కాఫీ అడిగేటోళ్ల కోసం రెండు పెద్ద స్టీలు ఫిల్టర్లు సూట్‌కేసుల పెట్టిన. చికోరీ కలిసిన పొడి అక్కడ ఇండియన్ షాపుల దొరుకుతది. శనివారం రాత్రే నీళ్లు పోసి పెట్టేటోళ్లు ఒకరు కావాలె, ఎవరుంటరు?