జిమ్‌లో ట్రైనర్ ఇంజెక్షన్లు అమ్ముతున్నాడు, ఫిర్యాదు ఎవరికివ్వాలి?

లిఫ్టర్_కూకట్‌పల్లి:
హైదరాబాద్‌లో ఒక జిమ్. వర్కౌట్‌కి ముందు ట్రైనరే కుర్రాళ్లకి ఇంజెక్షన్ అమ్ముతున్నాడు. 10 ఎంఎల్ గాజు సీసా, లేబుల్ మీద మెఫెంటర్మిన్ సల్ఫేట్ అని ఉంది. "స్టెరాయిడే, కండ తొందరగా వస్తుంది" అంటున్నాడు. బిల్లు లేదు, డబ్బు యూపీఐలో. పోలీసుల దగ్గరికి వెళ్లాలా? సాక్ష్యం కోసం ఒక సీసా కొనాలా?

మందులషాపు:
అది అసలు స్టెరాయిడే కాదు. వెన్నులో మత్తు సూది ఇచ్చాక బీపీ పడిపోతే లేపడానికి ఆపరేషన్ థియేటర్‌లో వాడే మందు. నరాల చివర నిల్వ ఉన్న నారడ్రినలిన్‌ని (గుండె వేగం, బీపీ పెంచే రసాయనం) ఒక్కసారిగా బయటికి తోస్తుంది, అందుకే ఆ ఊపు, అలుపు తెలియకపోవడం. కండకీ దానికీ సంబంధం లేదు. నిల్వ తరిగేకొద్దీ పాత మోతాదు పట్టదు, దాంతో ఇంకాస్త, ఇంకాస్త అంటూ పెంచుకుంటూ పోతారు. బీపీ ఎగబాకుతుంది, గుండె లయ తప్పుతుంది, నిద్ర పట్టదు. కొందరికి ఎవరో వెంటాడుతున్నారన్న అనుమానం పట్టుకుంటుంది. ఇక ఒకే సీసాలో నలుగురి సూదులు దిగితే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి భయం వేరే.
ఇది షెడ్యూల్ హెచ్ మందు. డాక్టరు చీటీ లేకుండా మెడికల్ షాపు కూడా అమ్మకూడదు.

కోర్టుగుమ్మం:
కొనొద్దు. ఫొటోలు చాలు: లేబుల్, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనబడాలి. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ఉంటే వాళ్ల యూపీఐ లావాదేవీ నంబరు, చాట్ చెరపకుండా ఉంచమనండి.
ఫిర్యాదు ముందుగా తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్‌కి, టోల్ ఫ్రీ 1800-599-6969. ఈ మందు గంజాయిలా మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికి రాదు, అందుకే స్టేషన్‌లో "మాది కాదు" అనే అవకాశం ఉంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం లైసెన్సు లేని అమ్మకానికి సెక్షన్ 27(బి)(2): కనీసం 3 ఏళ్లు, 5 ఏళ్ల దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా. సోదా చేసి సరుకు పట్టుకునే అధికారం డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కి ఉంది. స్టెరాయిడ్ అని చెప్పి వేరే మందు అంటగట్టడం భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 278, కానీ శిక్ష 6 నెలల లోపే. అసలు బలం 27లోనే.
సరుకు ఏ రోజు, ఏ వేళ వస్తుందో, ఏ లాకర్‌లో పెడతాడో ఫిర్యాదులో రాయండి. ఖాళీ లాకర్ మీద సోదా జరిగితే కేసు అక్కడే చప్పబడుతుంది.

లిఫ్టర్_కూకట్‌పల్లి:
పేరు బయటపడదా?

కోర్టుగుమ్మం:
ఫోన్‌లో సమాచారం చెప్పినప్పుడే పేరు గోప్యంగా ఉంచమని అడగండి. జిమ్ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క పెట్టకండి, సరుకు ఆ రాత్రికే మాయం.

మందులషాపు:
ఇంకొకటి. సూది వేసుకున్నవాడికి ఛాతీ నొప్పి, ఆగని దడ, తట్టుకోలేని తలనొప్పి వస్తే 108. మందు పేరు దాచకుండా డాక్టరుకి చెప్పాలి, సీసా దొరికితే చూపించాలి. అది తెలియకపోతే గుండె వేగం తగ్గించడానికి ఇచ్చే కొన్ని మందులు బెడిసికొట్టొచ్చు.